తెర కింద బూట్లు

మొన్న డిష్‌వాషర్‌లో పెరుగు డబ్బా మూత ఒకటి అడుక్కి జారి, వేడికి కరిగిపోయింది. వంటిల్లంతా అదే వాసన. మా ఆవిడ కిటికీలు తెరుస్తూ "ఎన్నిసార్లు చెప్పాలండీ, మూతలు పై అరలో పెట్టమని" అంటోంది. కాలిన ప్లాస్టిక్ వాసన ముక్కుకు తగిలిందంటే నేను మా ఇంట్లో ఉండను. కొలరాడో కొండల దారిలో, స్కీయింగుకు వెళ్లేవాళ్లకు సామాను అమ్మే ఒక చిన్న షాపులో ఉంటాను. ఎదురుగా పాత కార్పెట్ ముక్క మీద రే గారు మోకాళ్లూని ఉంటారు. ఒక చేతిలో వేడిగాలి కొట్టే గన్ను, రెండో చేతిలో ఎవరిదో స్కీ బూటు. ఆ వాసనతో పాటు సిగ్గూ వస్తుంది. నలభై ఏళ్లయినా అది పిసరంత కూడా తగ్గలేదు.

ఆయన పేరు ఉత్త రే. అరవై దాటిన మనిషిని పట్టుకుని "రే" అని పిలవడం నా వల్ల కాలేదు. మన చెవికి అది "ఒరేయ్" అన్నట్టే ఉంటుంది. మొదటి రోజే నోరు జారి "రే గారూ" అన్నాను. గారు అంటే ఏమిటని అడిగారు. "మిస్టర్ లాంటిదే, కాకపోతే పేరు వెనక వస్తుంది" అన్నాను. నా పేరు మాధవరావు. ఆ సీజన్ అంతా ఆయన నన్ను "మాధవ్ గారూ" అనే పిలిచారు, ప్రతిసారీ నవ్వుతూ.

ఇది ఎనభైల మొదట్లో సంగతి. డెన్వర్‌లో నేను పనిచేసే ఆయిల్ కంపెనీ ఒక శుక్రవారం మా గ్రూపు మొత్తాన్ని ఇంటికి పంపేసింది. ఊళ్లో ఇంజనీరు ఉద్యోగాలు ఎక్కడా లేవు. చలికాలానికి మనిషి కావాలని అద్దానికి కాగితం అంటించి ఉంటే ఈ షాపులో చేరిపోయాను. చేరడం సులువే, ఆ సంగతి నలుగురికీ చెప్పడమే చేతకాలేదు. అప్పట్లో ఆ చుట్టుపక్కల తెలుగు కుటుంబాలు పట్టుమని ఇరవై కూడా ఉండేవి కావు. నెలకోసారి ఎవరో ఒకరింట్లో భోజనాలు. "ఆఫీస్ ఎలా ఉందండీ?" అని ఎవరైనా అడిగితే "బిజీ" అనేవాణ్ని. ఇంజనీరునని చెప్పుకుంటూ తిరిగే నేను రోజుకు ఇరవైమంది కాళ్లు పట్టుకునే పనిలో ఉన్నాను. కాళ్లు పట్టుకోవడమంటే మన భాషలో ఏమిటో వేరే చెప్పక్కర్లేదు. ఆ మాట భోజనాల దగ్గర ఎవరో ఒకరు సరదాగా అనేస్తారని నా భయం.

పని నేర్పడానికి రే గారు ముందు నా మేజోడే విప్పమన్నారు. నా మడమను అరచేతిలోకి తీసుకోగానే ఉలిక్కిపడి కాలు లాక్కున్నాను. ఆయన భుజం ముట్టుకుని కళ్లకద్దుకున్నాను.

"ఏం, గిలిగింతలా?" అన్నారు.

"కాదు. మీరు పెద్దవారు. మీరు నా కాలు పట్టుకోకూడదు."

ఆయన వెంటనే, "మరి నొప్పి కాల్లో ఉంటే నీ ముక్కు పట్టుకుని చూడమంటావా?" అన్నారు.

ఆయన పద్ధతి అది. కాలిని చేత్తో చూడకుండా బూటు జోలికి వెళ్లేవారు కాదు. లోపలి మెత్తటి తొడుగు తీసేసి, ఖాళీ ప్లాస్టిక్ డిప్పలో కాలు పెట్టించేవారు. వేళ్లు ముందుకు ఆనించాక మడమ వెనక తన రెండు వేళ్లు పట్టాలి. ఒకసారి ఒక భారీ మనిషి వేళ్లు నలిగిపోతున్నాయి, ఇంకా పెద్ద సైజు కావాలని గొడవకు వచ్చాడు. అతని మడమ వెనక రే గారి చెయ్యి సగం దాకా దూరింది. "ఇది బిగువు నొప్పి కాదయ్యా, వదులు నొప్పి. కాలు లోపల జారి ముందు గోడను గుద్దుకుంటోంది" అని చిన్న సైజు తొడిగించారు. అతను షాపులో అటూ ఇటూ నడిచి, నమ్మలేనట్టు మొహం పెట్టాడు. అతను వెళ్లాక రే గారు నాతో అన్నారు: "ఎక్కడ నొప్పో వాళ్లు చూపిస్తారు. ఎందుకు నొప్పో వాళ్లకీ తెలియదు. అది వెతకడమే మన పని."

ఒక శనివారం వెనక గదిలో పెట్టెలు విప్పుతుంటే షాపులోంచి తెలుగు వినిపించింది. గదికీ షాపుకీ మధ్య తెర ఒక్కటే అడ్డం, అది కూడా నేలకు జానెడు పైనే ఆగిపోతుంది. సందులోంచి చూస్తే ఇందిర గారు. డెన్వర్‌లో పనిచేసే ఒక డాక్టరు గారి భార్య. కిందటి నెలే వాళ్లింట్లో గుత్తి వంకాయ కూర రెండుసార్లు వడ్డించుకుని తిన్నాను. కూతురికి స్కూలు వాళ్లు స్కీయింగ్ నేర్పుతున్నారని తెలిసి, నలభైకి దగ్గరపడ్డ ఆవిడ తానూ నేర్చుకుంటానని బయల్దేరింది. మన ఆడవాళ్లలో ఆ సరదా ఆవిడ ఒక్కదానికే ఉండేది. "పడితే పడతాను, మంచే కదా!" అని భోజనాల దగ్గర అందర్నీ నవ్వించింది.

"మమ్మీ, నాకైతే హర్ట్ అవట్లేదు" అంటోంది కూతురు.

"నాకు మాత్రం ప్రాణం పోతోందే, ఈ వేళ్ల దగ్గర."

రే గారు మేజోళ్లు విప్పమన్నారు. ఆవిడ కంగారుపడిపోయి, "నో నో, ప్లీజ్. యూ ఆర్ లైక్ మై ఫాదర్" అంది. చేసేది లేక ఆయన మందపాటి ఉన్ని మేజోడు మీంచే తడిమి చూశారు. తరువాత తెర తొలగించుకుని నా దగ్గరికి వచ్చారు.

"రెండు కాళ్లకీ రెండో వేలి మొదట్లో గట్టిగా ఏదో తగులుతోంది. ఎముక పెరిగితే రెండు వైపులా అచ్చం ఒకేచోట ఎలా పెరుగుతుంది? ఆవిడ మీ దేశం మనిషిలా ఉంది. నాకు తెలియనిదేమైనా ఉందా?"

మెట్టెలు. ఆయన మాట పూర్తి కాకముందే నాకు తెలిసిపోయింది. కానీ నోరు విప్పితే "రా, మీ భాషలో ఆవిడకు చెప్పు" అని చెయ్యి పట్టుకుని బయటికి తీసుకెళ్తారు. పెట్టెకున్న టేపు కోస్తూ, తలెత్తకుండా, "నాకేం తెలియదు" అన్నాను.

ఆయన బూటును అక్కడ వేడిచేసి సాగదీశారు. పై శనివారం ఆవిడ మళ్లీ వచ్చింది, ఆయన మళ్లీ సాగదీశారు, నేను మళ్లీ తెర వెనకే ఉన్నాను. వాళ్లు వెళ్లాక రే గారు తన అరచేతులు తిప్పి తిప్పి చూసుకున్నారు. "ముప్పై ఏళ్లుగా చేస్తున్నాను, మాధవ్ గారూ. ఇలా దొరక్కుండా పోయిన నొప్పి లేదు. నా చేతులు పనికిరాకుండా పోయినట్టున్నాయి. ఈ సీజన్‌తో ఆపేస్తాను" అన్నారు. అప్పుడైనా చెప్పొచ్చు. చెప్పలేదు.

ఆ వారంలో ఇందిర గారు కొండ మీదికి వెళ్లింది. రెండు గంటలకే ఎడమ కాలి వేలు వాచి నల్లబడి, మెట్టె కండలోకి దిగిపోయింది. కొండ కింద క్లినిక్‌లో దాన్ని కత్తిరించి తీశారు. గోరు ఊడిపోయింది. శనివారం నాడు కట్టు కట్టిన కాలికి భర్త చెప్పు వేసుకుని, కూతురి భుజం పట్టుకుని షాపుకు వచ్చింది. తెగిన మెట్టెను బల్ల మీద పెట్టి, ఆ వేలికి అది ఎందుకుందో ఇంగ్లీషులో చెప్పి, తప్పు తనదేనంది. రే గారు దాన్ని అరచేతిలో పెట్టుకుని చాలాసేపు చూశారు. తరువాత తెర వైపు చూసి "మాధవ్ గారూ" అని పిలిచారు. ఆ పిలుపులో నవ్వు లేకపోవడం అదే మొదటిసారి.

బయటికి వచ్చాను. ఇందిర గారు నన్ను చూసి ఏమాత్రం ఆశ్చర్యపోలేదు.

"మీరిక్కడున్నారని మొదటి రోజే తెలుసు రావు గారూ" అంది తెలుగులో. "తెర కింద మీ బూట్లు కనిపించాయి. మా గుమ్మం దగ్గర విప్పుతారే, అవే, ఎడమదాని లేసు తెగితే ముడేసి ఉంటుంది. మీకు బయటికి రావడం ఇష్టం లేదేమోనని నేనూ పలకరించలేదు. మా వారితో కూడా అనలేదు."

ఆవిడ ఇంకో మాట కూడా అంది.

"మెట్టెల సంగతి మీరు పెద్దాయనకు చెప్పే ఉంటారనుకున్నాను. అందుకే సరిగ్గా అక్కడే సాగదీస్తున్నారనుకున్నాను. తియ్యాల్సిన అవసరమే ఉంటే మీరు చెప్పించేవారు కదా అని, ధైర్యంగా వెళ్లాను."

ఆవిడ గొంతులో నిష్ఠూరం లేదు. ఉంటే బాగుండేది.

"ఏమంటోంది?" అని అడిగారు రే గారు. ఆ మాటలన్నీ నేనే ఆయనకు ఇంగ్లీషులో చెప్పాల్సి వచ్చింది. ఒక్కటీ వదలకుండా చెప్పాను. ఆయన విని, మెట్టెను జాగ్రత్తగా ఆవిడ చేతిలో పెట్టి, "అయితే నా చేతులు బాగానే ఉన్నాయన్నమాట" అన్నారు. నన్ను ఆయన అన్నది అంతే. బల్ల పట్టుకుని లేచి, కార్పెట్ ముక్క వైపు చూపించారు.

మోకాళ్లూనాను. "అయ్యో, వద్దండీ" అంటూ ఇందిర గారు కాలు వెనక్కి తీసుకోబోయింది. మంచిగా ఉన్న కుడికాలిని రెండు చేతులతో పట్టుకున్నాను. క్షమించమని అడగడానికి నోరు రాలేదు, మడమ కొలిచాను. షాపులో ఇంకా ముగ్గురు నలుగురు కస్టమర్లున్నారు, వాళ్లను నేను పట్టించుకోలేదు. ఆ రోజు నుంచి సీజన్ అయ్యేదాకా ముందు గదిలోనే పనిచేశాను. తెలుగువాళ్లు వచ్చారు, చూశారు, ఒకరిద్దరు నేను భయపడ్డ ఆ హాస్యమే ఆడారు. దానివల్ల నాకు పోయిందేమీ లేదు.

మరుసటి ఏడు నాకు ఇంజనీరు ఉద్యోగం దొరికింది. రే గారు ఇంకో ఎనిమిదేళ్లు పని మానలేదు. ఎవరైనా నొప్పి చెప్పుకుంటే ముందు దగ్గరికి వెళ్లి చూడడం ఆయన దగ్గరే నేర్చుకున్నాను. కానీ ఇందిర గారు మళ్లీ కొండెక్కలేదు. "నాకా సరదా తీరిపోయిందిలెండి" అనేది. కూతురు మాత్రం ఏటా వెళ్లేది, ఆవిడ కింద కారులో కూర్చుని ఎదురుచూసేది.

ఆవిడకిప్పుడు ఎనభై దాటాయి. ఏడాదికోసారి వాళ్లింటికి వెళ్తాం. గుమ్మం దగ్గర బూట్లు విప్పి, వాటిని చూస్తూ ఒక్క క్షణం ఆగిపోతాను. క్షమించమన్న మాట ఈసారైనా అనాలనుకుంటాను. ఈలోగా లోపలినుంచి ఆవిడే పిలుస్తుంది.

"రండి రావు గారూ, బూట్లు చూసి మీరేననుకున్నాను."