జాబితాలో లేని పోర్టర్

మంచుకొండల మీది ఆర్మీ పోస్టుకు చేరింది జనవరిలో, మధ్యాహ్నం రెండున్నరకు. పదమూడు వేల అడుగుల ఎత్తు. వీపున ఇరవై రెండు కిలోల బరువు. సుబేదార్, రేడియో ఆపరేటర్, మరో ఆరుగురు నాతో ఉన్నారు. ఆపరేటర్‌ది హిందూపురం, నాది సోమందేపల్లి. పెనుకొండ కొండ ఎక్కి మురిసిపోయినవాణ్ణి. అక్కడ బూటు లేసు కట్టుకున్నా ఆయాసమే.

మీరంతా మంచు గురించే అడుగుతారు. ఆ ఏడు కురిసింది వాన. జనవరిలో, మంచు మీద వాన! కింది ఊరి ముసలాళ్లు అట్లాంటిది ఎన్నడూ చూడలేదన్నారు. కొన్నేళ్లుగా మంచు తగ్గి ఊటలు ఎండిపోయాయట. బార్లీ పండక మగవాళ్లు మైదానాలకు, హోటల్ పనులకు దిగిపోయారు. మన పక్క వానల్లేక బెంగుళూరు బస్సెక్కినట్టే. ఊళ్లో మిగిలింది ఆడవాళ్లు.

మాకు కిరోసిన్ మోసే పోర్టర్లలో ఒకామె ఉండేది. ముప్పై ఏళ్లుంటాయి. పై పోస్టులకు మగవాళ్లనే రాసుకుంటానని పోర్టర్లను పంపే కాంట్రాక్టర్ భీష్మించాడు. అందుకని మైదానాలకు దిగిపోయిన భర్త పోర్టర్ కార్డు మీద మోసేది. హాజరు వేసేది నేను. "ఆయన పేరే వేయి భయ్యా. లేకుంటే నా బిడ్డకు గంజి కూడా ఉండదు" అంది. పోనీలే పాపం అని వేశాను. ఆమె పేరు రాయమని కాంట్రాక్టర్‌తో ఆ రోజే గొడవ పడాల్సింది. నా బుద్ధి గడ్డి తిన్నది.

నాలుగు వారాలకు, ఉదయం పదిన్నరప్పుడు, నానిన వాలు జారింది. దారి కొట్టుకుపోయింది. ఆమె కాలి మీద బండ పడింది. లాక్కొచ్చి రేడియో ఉండే బంకర్లో పడుకోబెట్టాం. పది అడుగుల పొడవు, ఆరు వెడల్పు. బయట మేఘం కమ్మేసింది. హెలికాప్టర్ రాదు.

కింది క్యాంపు రేడియోలో అడిగింది: "గాయపడిన పోర్టర్ పేరు?"

ఆపరేటర్ నావైపు తిరిగాడు. "ఏం చెప్పేదప్పా? ఆడమనిషంటే కార్డు పోతాది, బీమా పోతాది."

"మొగుని పేరే చెప్పు."

"బయటపడితే?"

"పడినప్పుడు చూద్దాంలే. ఇప్పుడు యాడికి పోతాం?"

సుబేదార్ ముఖం తిప్పుకున్నాడు. "జాబితాలో ఏ పేరుంటే అదే చెప్పండి" అన్నాడు. కిందున్న డాక్టర్ పుణ్యాత్ముడైతే చూసీ చూడనట్టు పోతాడని మా ఆశ.

నాలుగు రోజులు అబద్ధమాడాం. ఉదయం ఆరు, మధ్యాహ్నం పన్నెండు, సాయంత్రం ఆరు. "పేషెంట్ ఎలా ఉన్నాడు?" అని అడిగేవాళ్లు. "ఉన్నాడు సార్" అనేవాణ్ణి. కాలు నల్లబడుతోంది. ఆ వాసనలోనే తిన్నాం, ఆ వాసనలోనే పడుకున్నాం. తలుపు తీస్తే కాలు పెట్టడానికి దారి లేదు. నాకు పిచ్చెక్కినంత పనైంది.

రెండో రోజు డాక్టర్ మందు మోతాదు చెప్పడానికి పేషెంట్ బరువెంత అని రేడియోలో అడిగాడు. నిజం చెప్పేస్తానన్నాను. ఆమె నా చొక్కా పట్టుకుంది. "కాలు పోతే పోనీ భయ్యా. పని పోగొట్టకు."

ఐదో రోజు తొమ్మిదింపావుకు హెలికాప్టర్ దిగింది. దుప్పటి తీసి డాక్టర్ నోరెళ్లబెట్టాడు. చూసిందే రాశాడు, తప్పు ఆయనది కాదు. కాలు తీసేశారు. కార్డు రద్దయింది. ఆ పేరు గలవాడికి ఏ దెబ్బా తగల్లేదు, ఈమె మాకు తెలియదు అన్నాడు కాంట్రాక్టర్. పైసా రాలేదు. నాకు మందలింపు పడింది. సిగ్గుతో చచ్చిపోయాను.

ఆగస్టులో ధర్మవరంలో రైలు దిగాను. సోమందేపల్లి హోటల్లో నలుగురూ చుట్టూ చేరారు. "ఏమబ్బా, చలి ఎట్లుంటాది ఆడ?" చలి సంగతే చెప్పాను. ఒకటి మాత్రం నోటికి రాలేదు. ఇప్పుడు చెప్తున్నా.

రేడియో గరగరమనగానే, నొప్పికి మెలికలు తిరుగుతూనే, ఆమె తలగుడ్డ లాగి నోట్లో కుక్కుకునేది. ఆడగొంతు కిందికి వినపడకూడదని. నేను "ఉన్నాడు సార్" అనేదాకా, కళ్లార్పకుండా నన్నే చూసేది.