మెడ బిళ్ళలు, ఇత్తడి బిళ్ళ

నేను నోటిదురుసు మనిషిని. బెల్లంపల్లిలో బొగ్గు గని ముందు, హాజరీ కిటికీలో కూర్చుని నంబరు పిలిస్తే రెండో వీధిలో కోళ్ళు ఉలిక్కిపడేవని మా ఇంటామె అనేది. నైజాం రోజుల్లో చేరినవాణ్ణి, ఆంధ్రప్రదేశ్ వచ్చాక కూడా అదే కిటికీలో అరుస్తూ ఉన్నాను.

పని చిన్నదే. గోడ నిండా మేకులు, ఒక్కో మేకుకు నంబరు కొట్టిన ఇత్తడి బిళ్ళ. గనిలోకి దిగేవాడు తన బిళ్ళ తీసుకుపోవాలి. పైకొచ్చి ఇస్తే నేను మేకుకు తగిలించి "పైకొచ్చిండు!" అని కేకెయ్యాలి. ఒక్క మేకు ఖాళీగా ఉన్నా లోపల మనిషి ఉన్నట్టే లెక్క, కిటికీ మూయకూడదు. ఎవడైనా బిళ్ళ జేబులో మరిచి ఇంటికి పోయాడో, మరునాడు వాడి ఏడు తరాలనూ తిట్టి గాని వదిలేవాణ్ణి కాదు. ఆ మరుపులో అందరికంటే ముందుండే బొగ్గు కొట్టేవాడు ఒకడున్నాడు. వాడి ఏడు తరాలు అయిపోయి ఎనిమిదో తరం కూడా నా నోట్లో పడింది.

అలాంటి గొంతుకే పుండు లేచింది, క్యాన్సరన్నారు. హైదరాబాదు పెద్ద దవాఖానలో నెలన్నర కరెంటు పెట్టారు, అదే రేడియేషన్. మెడ తోలు మాడిన అప్పడంలా అయింది గాని గొంతు తిరిగొచ్చింది. ఇంటికి రాగానే నలుగురిని తిట్టి చూసుకున్నాను, బాగానే పలికింది. ఏడాది తిరక్కుండా మళ్ళీ బొంగురు. ఈసారి కుడి దవడ కింద గోలీ అంత గడ్డ కూడా తగిలింది.

మళ్ళీ పోయాం. డాక్టరు కోస్తా వైపు ఆయన, నెమ్మదైన మనిషి. మా ఇంటామెతో అన్నాడు: "కరెంటుకు లొంగలేదమ్మా. ఇక ఆపరేషనే. మాటపెట్టె మొత్తం తీసేస్తాం, మాట రాదు. బిళ్ళలు కూడా తీసేయాలి."

మా దగ్గర బిళ్ళ తీసేశారంటే నౌకరీ ఊడిందని అర్థం. ఆమె కొంగు బిగించి లేచింది.

"గొంతు తీసెయ్‌రి సారూ, గా గొంతుతోని ఇరవై ఏండ్ల సంది పరేషానయితున్న. గని బిళ్ళ తీసేటందుకు మీరెవ్వరు? గది కంపెనీది!"

డాక్టరు బిత్తరపోయి తన మెడ తడుముకుని చూపించాడు. "మెడలో బిళ్ళలమ్మా. రోగం వాటిలోకి పాకింది. అవి ఉంచితే మనిషి దక్కడు."

"గట్లని ముందే చెప్పరాదుండ్రి!" అని కూలబడి ఏడ్చింది.

నేను పగలబడి నవ్వాను. గొంతుతో నవ్విన చివరి నవ్వు అదే. నవ్వాను గాని ఒప్పుకోలేదు. కేక లేని హాజరీ బాబు ఎవరికి కావాలి? పోతే అరుస్తూనే పోతానని మొండికేసి ఇంటికొచ్చేశాను. నిజం చెప్పాలంటే భయం.

నాలుగో రోజు ఆ మరుపుగాడు ఇంటికొచ్చాడు. జేబులోంచి ఒక బిళ్ళ తీసి నా చేతిలో పెట్టాడు.

"బాబూ, గిది ఎవ్వనికీ ఇయ్యని నంబరు. మేనేజర్‌ను అడిగి నీ పేరు మీద తీసిన. నువ్వొచ్చి తగిలిచ్చేదాక గా మేకు ఖాళీగనే ఉంటది. తేకుంటే జూడు, నీ ఏడు తరాలను తిడ్త."

మరునాడే రైలెక్కాను.

స్పృహ వచ్చేసరికి చెవి కింద నుంచి గూడ ఎముక దాకా కుట్లు, గాలి పీల్చడానికి మెడలో రంధ్రం, ముక్కులోంచి గొట్టం. కరెంటు తిన్న తోలు అతకనని రెండు నెలలు సతాయించింది. ఆ రెండు నెలలూ డాక్టరు తన చేత్తోనే కట్టు మార్చాడు, ఒక్కనాడు విసుక్కోలేదు. బిళ్ళలన్నీ తీశామని, రెండింటిలోనే రోగం ఉందని చెప్పిన రోజు దండం పెట్టబోయాను. కుడి చెయ్యి ఛాతీ దాటి లేవలేదు, నరం కూడా పోయిందట. పలక మీద "మీ రుణం తీరదు" అని రాశాను. ఇత్తడి బిళ్ళను మా ఇంటామె మంచం కమ్మీకి కట్టింది. నర్సులు విప్పమంటే కయ్యానికి దిగింది. ఆ తల్లి లేకపోతే నేను లేను.

తిరిగి గనికి పోయిన రోజు షిఫ్టు వదిలే వేళ. దుమ్ము పోకుండా మెడ రంధ్రానికి ఎడమ చేత్తో తడిగుడ్డ అడ్డం పెట్టుకున్నాను. కుడి చేతిలో బిళ్ళ. నా మేకు పై వరుసలో ఉంది. రెండుసార్లు ఎత్తబోయాను, చెయ్యి రాలేదు. షిఫ్టు దిగినవాళ్ళంతా చూస్తున్నారు. సిగ్గుతో, కోపంతో నా కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

మరుపుగాడు ముందుకొచ్చాడు. నా చేతిలోంచి బిళ్ళ తీసుకోలేదు. పట్టకారుతో ఆ మేకు పీకి, నా ఛాతీ ఎత్తున గోడకు కొట్టాడు. కొడుతూ, "గింత ఆలిస్యమా? నీ ఏడు తరాల..." అని మొదలుపెట్టి, ఆపైన అనలేక ఏడ్చేశాడు.

బిళ్ళ తగిలించాను. అలవాటుకొద్దీ కేకేద్దామని నోరు తెరిచాను. మెడలోంచి ఉత్త గాలి వచ్చింది.

వాడు కళ్ళు తుడుచుకుని, గని దద్దరిల్లేలా అరిచాడు.

"పైకొచ్చిండు!"