నాలుగు మూలలకూ పసుపు

రాయచూరు స్టేషన్లో నేను కూర్చున్న బెంచీ మీదికి ఒక సిపాయి పిల్లవాడు వచ్చి కూర్చున్నాడు. కుడి అరచేతికి కట్టు ఉంది. ట్రైనింగులో తాడు ఎక్కుతుంటే చర్మం ఊడిందట. సరిహద్దులో కాల్పులు మొదలయ్యాయని, ఇంటికి సెలవివ్వకుండా అటే పంపుతున్నారట. ఫోన్లు జమ చేసుకున్నారట. వాళ్ళమ్మ ఉండేది అరకేరలో. ఆమెకు రాసిన ఉత్తరం కవరు, ఒక పసుపు పొట్లం తీసి నా ఒడిలో పెట్టాడు.

"అవ్వా, జర మూలలకు పసుపు రాయి. మా అమ్మకు చదువు రాదు. పసుపు లేకుంటే చావు కబురనుకుంటది. పోయినసారి గట్లనే అన్నం ముట్టలేదంట."

పక్కనున్న పెద్దామె నా బోసి నుదురు చూసి చెయ్యి చాపింది. "మొగుడు లేని మనిషితోని పసుపేంది బిడ్డా? ఇటు తే, నేను రాస్త."

నేను పొట్లం ఇవ్వబోయాను. వాడు ఆపాడు.

"మా అమ్మకూ మొగుడు లేడు. గా పొట్లం కట్టిచ్చింది ఆమెనే. నువ్వే రాయవ్వా."

మా ఆయన పోయినప్పటి నుంచి నన్ను పసుపు ముట్టనివ్వలేదు ఎవరూ. నాలుగు మూలలకూ రాశాను. కవరు తిప్పి వెనకవైపూ రాశాను.

"చాలవ్వా, పోస్టాయన లగ్గం పత్రిక అనుకుంటడు" అని నవ్వి, దాన్ని పోస్టు డబ్బాలో వేసి బండెక్కాడు. నేను వాడి పేరు అడగలేదు.

మొన్న మనవరాలి పెళ్ళి పత్రికలు వచ్చాయి. పసుపు పళ్ళెం ముందేసుకుని కూర్చున్నాను. "అక్కా, నువ్వు లే" అంటూ తోడికోడలు పళ్ళెం లాగబోయింది.

"నువ్వూ కూసో, చానా ఉన్నయి" అన్నాను.

ఊళ్ళో ప్రతి ఇంటికీ నా చేతి పసుపే పోయింది.