వదిన ఆడింది పేకాట కాదు

మిరపకాయలు ఆరబోసిన కల్లం దగ్గర కాపలా కూర్చుని మా వదిన ఫోన్లో ఒక ఆట ఆడేది. ఓడిపోయిన ప్రతిసారీ కొంగుతో తెర తుడిచి, "సరే, ఈసారి ఇంకొకళ్ళని పంపిద్దాం" అనేది.

తెరమీద ముక్కలు చూసి, మా వదిన పేకాడుతోందని చర్చి దగ్గర నవ్వుతూ అన్నాను. పాస్టరుగారు పిలిచి అడిగారు.

"ముక్కలే అయ్యగారూ. కానీ డబ్బాట కాదు," అంది వదిన.

ఎవరూ నమ్మలేదు. ఆమె ప్రాణంగా చూసుకునే సండేస్కూలు పిల్లల్ని వేరేవాళ్ళకు అప్పగించారు.

తర్వాత ఆ ఆట ఆమె దగ్గరే నేర్చుకున్నాను. అందులో పందెం లేదు. ఒక్కో ముక్క ఒక కత్తిదెబ్బో, మంత్రమో, డాలో. కత్తి వీరుణ్ణో మంత్రగత్తెనో ఎంచుకుని, దారిలో దొరికే ముక్కలతో రాక్షసులను ఓడించుకుంటూ పోవాలి. చచ్చిపోతే సంపాదించిన ముక్కలన్నీ పోతాయి, మళ్ళీ ఇంకొకరితో మొదటినుంచి బయలుదేరాలి.

ఆదివారం సంఘం ముందు నిలబడి ఇదంతా చెప్పాను. వెంటనే నమ్మారు. వదినను మళ్ళీ పాఠం చెప్పడానికి రమ్మన్నారు. ఆ కబురు నేనే కల్లానికి మోసుకెళ్ళాను.

వదిన కాయలు తిరగేస్తూనే, "నేను చెప్పిందీ అదేగదయ్యా," అంది.

ఆ పిల్లల దగ్గరికి ఆమె మళ్ళీ వెళ్ళలేదు.