హన్నమ్మ కోసం తిరిగిన మా అక్కయ్య

మా అక్కయ్య శకుంతల పోయింది. ఆ మంగళవారం పొద్దున "టీ చల్లారిపోయిందే, మళ్ళీ వెచ్చబెట్టు" అంది. వెచ్చబెట్టి తెచ్చేసరికి కుర్చీలో తల వాల్చేసి ఉంది. అంబులెన్సు వాళ్ళు వచ్చి చూసి, చెయ్యాల్సిందంతా చేసి, ఇక లాభం లేదన్నారు. నాకు ఇప్పటికీ నమ్మబుద్ధి కాదు. నా మీద కోపమొచ్చి మాట్లాడకుండా కూర్చుందనే అనిపిస్తుంది. అలా కూర్చోవడం ఆవిడకి అలవాటే.

ఆవిడ నా పెద్ద తోడికోడలు. బావగారు చిన్న వయసులోనే పోతే, రాజమండ్రిలో రిజిస్ట్రారాఫీసులో గుమస్తాగా చేసి కొడుకుని చదివించింది. రిటైరయ్యాక ఆ కొడుకు ఫణి దగ్గరికి, కెనడాలో ఈ సార్నియాకి వచ్చింది. నేను బ్రాంప్టన్‌లో మా అమ్మాయి దగ్గర ఉంటే, "అక్కడ నువ్వు చేసేదేముంది, ఇక్కడికి రా, తిట్టుకోవడానికైనా ఒక మనిషి ఉండాలి" అని పిలిపించుకుంది.

ఆవిడ గురించి నాలుగు ముక్కలు రాయమని మన తెలుగు సంఘం పిల్లలు అడిగారు. నేను ఐదో తరగతి దాకా చదివాను. తప్పులుంటే మీరే దిద్దుకోండి. పుణ్యమూర్తి, మహాసాధ్వి అని రాసేసి ఊరుకోవచ్చు. కానీ ఆవిడతో వేగినదాన్ని నేను. ఎంతోమంది వీలునామాలు తన చేతులమీదుగా రిజిస్టరు చేయించిన మనిషి, తనకంటూ ఒక్క కాగితం రాయకుండా పోయింది. దానివల్ల ఆవిడ అస్థికలు ఎక్కడ కలపాలన్న దగ్గర ఎంత గొడవైందో, అది చెప్పాలంటే ముందు హన్నమ్మ సంగతి చెప్పాలి.

మా ఇంటికి కాస్త దూరంలో పొలాల పక్కన పాత సమాధులున్నాయి. ఈ ప్రాంతమంతా అడవిగా ఉన్నప్పుడు వచ్చి, చెట్లు కొట్టి పొలాలు చేసుకున్నవాళ్ళవి. ఒకరోజు వాకింగ్‌కి వెళ్తే అక్కయ్య ఒక రాయి దగ్గర ఆగిపోయింది. మొగుడి పేరు, పుట్టింది, పోయింది చెక్కారు. దాని కింద పెళ్ళాం పేరు హన్నా అని, పుట్టిన సంవత్సరం చెక్కి, పోయిన తేదీ దగ్గర ఖాళీ వదిలేశారు.

"చూశావుటే రాజ్యం, ఈవిడ పోతే తేదీ చెక్కించే దిక్కు కూడా లేకపోయింది" అంది.

"ఎవరో ఏమిటో, పద అక్కయ్యా, చలేస్తోంది" అన్నాను.

అంతే. ఆ రోజునుంచి ఆవిడ హన్నమ్మ అయిపోయింది. మనింటి మనిషి అయిపోయింది. పోయిన తేదీ కనుక్కోవాలి, తిథి కట్టించాలి, ఆ రోజు ఆవిడ పేరున ఒక విస్తరి వెయ్యాలి. ఇదీ పట్టుదల. తేదీ దొరికేదాకా, తిథి తెలియనివాళ్ళకి పెట్టే మహాలయ అమావాస్యనాడు పెట్టడం మొదలుపెట్టింది.

"గోత్రం ఏం చెప్తావు?" అన్నాను వెటకారంగా.

"తెలియనివాళ్ళకి కాశ్యప గోత్రం. ఆమాత్రం తెలీదూ?"

గారెలు, పరమాన్నం వండేది నేను. ఇండియన్ స్టోర్లో గడ్డకట్టిన అరిటాకు తెచ్చి కరిగించేది నేను. పెరట్లో పెడితే ఇక్కడ కాకులెక్కడివి, సరస్సు మీంచి తెల్లటి గల్ పక్షులొచ్చి ఆకుతో సహా ఈడ్చుకుపోయేవి. "తిన్నది, హన్నమ్మ తిన్నది" అని ఈవిడ సంబరం. ఆ ఎంగిలాకులు పక్కింటివాళ్ళ లాన్ మీద ఏరుకునేది మళ్ళీ నేనే.

శనివారం వస్తే ఫణికి సెలవనే మాట లేదు. ఇక్కడ కారు లేకపోతే అడుగు వెయ్యలేం కదా. పాత కాగితాలు దాచే లైబ్రరీకి మమ్మల్ని దింపి, సాయంత్రం మళ్ళీ తీసుకెళ్ళాలి. నేను పులిహోర డబ్బా పట్టుకెళ్తే, అక్కడ వాలంటీరుగా చేసే మార్గరెట్ అనే పెద్దావిడ తలుపు దగ్గరే ఆపింది. లోపల తిండి కూడదట. అక్కయ్య నన్ను కసిరింది. "రికార్డు రూములో పులిహోరేమిటే, బుద్ధి లేకుండా!" ఆ పులిహోర చెయ్యమన్నది తనే.

చివరికి హన్నమ్మ మొగుడి వీలునామా నకలు దొరికింది. పాతకాలపు గొలుసుకట్టు ఇంగ్లీషు. భూతద్దం పెట్టి ఒక్కో ముక్కా చదివి నాకు తెలుగులో చెప్పింది. పొలం పెద్దకొడుక్కి. హన్నమ్మకి తూర్పు వైపు గది, ఒక ఆవు, పొయ్యిలోకి కట్టెలు. ఇవన్నీ ఆవిడ విధవగా ఉన్నంతకాలమే.

"ఉన్నంతకాలమేనటే! ఆవుకి లేని షరతు ఆవిడకి పెట్టాడు చూడు" అని పళ్ళు కొరికింది. ఆ రోజు అన్నం తినలేదు. ఎప్పుడో చచ్చిపోయిన తెల్లాయన మీద కోపంతో నా పప్పుచారు వదిలేసింది.

అక్కణ్ణించి మొగుడి ఇంటిపేరుతో హన్నమ్మ చావు కోసం వెతుకులాట. ఏ ఊళ్ళోనూ లేదు, ఏ చర్చి పుస్తకంలోనూ లేదు. కొడుకులు ఎక్కడికో తరిమేసి ఉంటారని కూర్చుని కళ్ళు తుడుచుకునేది. ఒక శనివారం మార్గరెట్ మెల్లిగా అడిగింది, మళ్ళీ పెళ్ళి చేసుకుందేమో, వేరే పేరుతో చూశారా అని.

మా అక్కయ్య మొహం ఎర్రబడిపోయింది. ఇంగ్లీషులో గట్టిగా చెప్పేసింది, ఆవిడ ఐదుగురు పిల్లల తల్లి, అలాంటి మనిషి కాదు అని. బయటికొచ్చాక కార్లో ఒకటే సణుగుడు. "వాళ్ళకేం తెలుసే? ఒంటరిగా పిల్లల్ని పెంచినదాని సంగతి నన్నడగాలి."

నాకూ ఆవిడ మాటే సబబనిపించింది. మాకు తెలిసిన విధవలందరూ విధవలుగానే ఉన్నారు మరి. అది తప్ప ఇంకో దారి మా బుర్రలకి తట్టలేదు.

కొన్ని వారాలు లైబ్రరీ ఊసే ఎత్తలేదు. తర్వాత తనే ఫణితో "పోనీ పెళ్ళి రికార్డులు కూడా ఒకసారి చూస్తే పోలా, లేదని తేల్చేయడానికి" అంది. ఒక్క శనివారంలో దొరికింది. మొగుడు పోయిన కొన్నాళ్ళకే హన్నమ్మ బావులు తవ్వే ఆయన్ని పెళ్ళాడింది. గది, ఆవు, కట్టెలు అన్నీ వదిలేసి, చిన్నపిల్లల్ని తీసుకుని నది ఒడ్డు ఊరికి వెళ్ళిపోయింది.

మార్గరెట్ కూడా మాతో వచ్చింది ఆ ఊళ్ళో హన్నమ్మ సమాధి చూడటానికి. అక్కడ రాయి మీద పోయిన తేదీ ఉంది, పక్కనే బావులాయన, చుట్టూ మనవలు, మునిమనవలు. దిక్కులేని మనిషి కాదు, పెద్ద సంసారం!

"దొంగముండ!" అంది అక్కయ్య. "ఇన్నేళ్ళు దీనికోసం ఏడ్చానే! ఏటేటా గారెలు పెట్టానే!"

"వండింది నేను" అన్నాను.

నది కనిపించేలా అక్కడొక బెంచీ ఉంది. కూర్చుంది. పెద్ద ఓడొకటి పోతుంటే అది వంపు తిరిగేదాకా చూస్తూ ఉంది. తర్వాత నవ్వు మొదలుపెట్టింది. కళ్ళవెంట నీళ్ళొచ్చేలా నవ్వింది. "ఆవుని కూడా వదిలేసి పోయిందే రాజ్యం, ఆవుని కూడా!"

నవ్వాగాక ఇటు నాకు తెలుగులో, అటు మార్గరెట్‌కి ఇంగ్లీషులో చెప్పింది. "నేను పోతే రాజమండ్రి దాకా మొయ్యకండి. ఈ నదిలో కలపండి."

"మరి బావగారిని గోదాట్లో కలిపాం కదా?"

"మీ బావగారికి నేను చెయ్యాల్సిందంతా చేశాను. ఆయన పోయాక కూడా చేశాను. ఇది నా ఇష్టం."

"అయితే కాగితం మీద రాయి. రిజిస్ట్రారాఫీసుదానివి."

"కాగితాలు రాసినవాళ్ళ ఇళ్ళల్లో ఏం జరిగిందో చూసిందాన్నే నేను. నీకు చెప్పానుగా, చాలు."

చాల్లేదు! ఆవిడ పోగానే ఫణి రాజమండ్రికి టికెట్ కొన్నాడు. నేను నది మాట చెప్తే నమ్మలేదు. "అమ్మ అలా అనదు పిన్నీ. నాన్న పక్కన కాకుండా ఇక్కడెందుకంటుంది? నీకు సరిగా వినపడి ఉండదు." నేనెంత చెప్పినా అదే మాట. నాకు ఏడుపు, దాన్ని మించి అక్కయ్య మీద కోపం. ఒక్క ముక్క రాసి పారెయ్యడానికి ఏం రోగం?

పదకొండో రోజు మార్గరెట్ యాపిల్ పై అని వాళ్ళ తీపి వంటకం పట్టుకుని పరామర్శకి వచ్చింది. ఫణి చెయ్యి పట్టుకుని, అమ్మని నది దగ్గరికి ఎప్పుడు తీసుకెళ్తున్నారు, నేనూ రావచ్చా అని అడిగింది. ఫణి నావైపు చూశాడు. నేను గోడవైపు చూశాను.

ఆవిడ వెళ్ళాక అడిగాడు. "నాన్న సంగతేంటి పిన్నీ?"

"చెయ్యాల్సిందంతా చేశానంది."

టికెట్ కాన్సిల్ చేశాడు. ఆ ఆదివారం ఆ బెంచీకి కింద, నదిలో కలిపాం. వాడు నీళ్ళలో మోకాళ్ళదాకా దిగి, చలికి వణుకుతూ "అమ్మా" అన్నాడు.

మొన్న మాసికానికి గారెలు, పరమాన్నం వండి పెరట్లో ఆకు వేశాను. ఒక్క పిట్ట వాలలేదు. గల్స్ కంచె మీద వరసగా కూర్చుని చూస్తున్నాయి తప్ప దిగవు. ఏదో కోరిక మిగిలిందన్నమాట.

"ఏంటక్కయ్యా? నదిలోనే కలిపాంగా? హన్నమ్మకి పెట్టలేదనా? అమావాస్యకి పెడతాలే." కదల్లేదు. "ఫణిని బాగా చూసుకుంటాను." ఊహూ. నాకు ఒళ్ళు మండిపోయింది. "సరే! నువ్వు రాయలేదు, నేను రాస్తాను. నా సంగతి నేను కాగితం మీద పెడతాను. చాలా?"

రెక్కలు టపటపలాడించుకుంటూ దిగాయి. ఆకు కూడా మిగల్చలేదు.

అందుకని, ఇది చదివే మీరందరూ సాక్షులు. నేను పోతే నన్నూ ఆ బెంచీ కింద, ఆ నదిలోనే, మా అక్కయ్య దగ్గర కలపండి. ఆవిడ ఒప్పుకోనంటే పట్టించుకోవద్దు. ఇన్నాళ్ళూ ఆవిడ మాటే నెగ్గింది.

అక్కయ్యా, పొద్దున్నే టీ రెండు కప్పులు పెట్టేస్తున్నాను. రెండోది చల్లారిపోతోంది. ఇల్లంతా వెతికినా, వెచ్చబెట్టమని కసిరేవాళ్ళు లేరు.