ఇంటిపేరుతో పిలిస్తే పలికిన ఫైలు

ప్రింటర్‌లోంచి అప్పుడే వచ్చిన కాగితం వెచ్చగా ఉంటుంది, కాస్త కాలిన వాసన కూడా వేస్తుంది. ఎమ్మిగనూరులోని నా చిన్న కంప్యూటర్ దుకాణంలో ఈ ఉదయం ఒక మాన్యువల్ ప్రింట్ తీస్తుంటే సరోజక్క గుర్తొచ్చింది. ఆదోనిలో కంప్యూటర్లు బాగుచేసే ఆవిడ దగ్గరే నా మొదటి ఉద్యోగం. ఏ కమాండ్ ఎలా వాడాలో చెప్పే మాన్యువళ్లన్నీ ప్రింట్ తీసి, దారంతో కుట్టి, వంటింటి డబ్బాల్లా వరుసగా పేర్చుకునేది. నాకేమో డిగ్రీ చేతికొచ్చిన పొగరు. మాన్యువల్ చదవడమంటే నామోషీ.

ఒకరోజు ఎమ్మిగనూరు నుంచి నాగన్న అనే ఆయన కంప్యూటర్ మోసుకొచ్చాడు. మగ్గం నేస్తూ, చీర అంచులకు డిజైన్లు కూడా గీసేవాడు. హార్డ్ డిస్క్ టకటకమంటోంది, ఏ క్షణాన్నైనా పోయేట్టుంది. కమాండ్లు కొట్టే నల్ల తెర మాత్రమే వస్తోంది.

"నెమిలి అంచు అందులోనే ఉండాదమ్మా. కండ్లు మసకలైనాయి, మళ్లా గీయల్లంటే నాతో కాదు," అన్నాడు.

మిగతా ఫైళ్లు ఒక్కొక్కటిగా కాపీ అయ్యాయి. నెమలి అంచు మాత్రం మొండికేసింది. అలాంటి ఆప్షన్ లేదు పొమ్మంటుంది తెర. పేరు చూస్తే ఇంగ్లీషు అక్షరాల్లో శ్రీ, దానికి అటొక గీత, ఇటొక గీత, మనవాళ్లు కాగితం తలమీద రాసుకున్నట్టు. గీతతో మొదలైతే కమాండ్ దాన్ని ఆప్షన్, అంటే పని ఎలా చేయాలో చెప్పే సూచన అనుకుంటుంది, ఫైలు పేరనుకోదు. నాకు ఒళ్లు మండింది.

"ఫైలుకు ఇట్లాంటి పేరు ఎవరన్నా పెడతారా?" అని గద్దించాను.

"శ్రీ పెట్టకుండా పని ఎట్ల మొదలుపెట్టేదమ్మా? తప్పయింటే సెప్పు, ఇంగ పెట్టను," అన్నాడాయన చిన్నబోయి.

సరోజక్క టీ గ్లాసు కింద పెట్టి నన్ను చూసింది. "మాన్యువల్ సదివినావా?"

"కాపీది సూసినా అక్కా. అందులో ఏం లేదు."

"ఫైలు చెరిపే కమాండ్‌ది సదువు. కడదాకా."

కాపాడమంటే చెరపమంటుందేమిటి! అయినా ఆ మాన్యువల్ తీశాను. దాని చివర్లో ఉంది: గీతతో మొదలయ్యే ఫైలును చెరపాలంటే, పేరు ముందు ఒక చుక్క, ఒక వాలుగీత పెట్టాలట.

"చెరిపేటప్పుడు పలికే పేరు కాపీకి పలకదా మే? ఆ చుక్కా గీతా అంటే 'ఈ ఫోల్డర్‌లో ఉండేది' అని. ఉత్త పేరుకు పలకనోన్ని ఇంటిపేరు పెట్టి పిలువు," అని నవ్వింది అక్క.

అలాగే కొట్టాను. ఈసారి తెర ఏమీ అనలేదు. దాని భాషలో సరేననడం అదే. పెన్‌డ్రైవ్‌లోంచి తెరిచి చూపిస్తే, నాగన్న ముఖం తెరకు ఆనించి ఒక్కో నెమలినీ తడిమి చూసుకున్నాడు.

"ఇంగ శ్రీ పెట్టను తల్లీ," అన్నాడు మళ్లీ.

"ఎందుకు పెట్టవు నాగన్నా? పెట్టు. సదువుకోవాల్సింది మా పాప, నువ్వు కాదు," అంది అక్క.

నిజంగా సిగ్గేసింది నాకు. ఆయన నలభై ఏళ్ల అలవాటును నేను నా బద్ధకానికి బలివ్వబోయాను. ఆ రోజు నుంచి అక్క మీద ప్రేమ పెరిగింది, నా డిగ్రీ మీద తగ్గింది.

కొన్నేళ్లకు అక్క దుకాణం మూసేసి సొంతూరు హొళగుంద వెళ్లిపోయింది. నిన్న నందవరం నుంచి ఒకామె ల్యాప్‌టాప్ నా బల్ల మీద పెట్టి, "నేనే ఏదో తప్పు సేసినట్టుండాను," అని బెదురుగా నిలబడింది.

"నీదేం తప్పు లేదు వదినా. కూసో, నేను సదువుకుంటాను," అన్నాను.