మేకుల గన్నుకు కట్టిన తీగ

గాజువాక దాటాక ఉన్న ఒక రేకుల షెడ్డులో నేను పెట్టెలు కొడతాను. పోర్టులో ఓడలెక్కే యంత్రాలకు వేసే చెక్క పెట్టెలు. వాటిలో కొన్ని మనిషి ఎత్తుకు మించి ఉంటాయి. ఏళ్ల తరబడి సుత్తితోనే కొట్టాను. సాయంత్రం మల్కాపురంలో ఇంటికి చేరి కంచం ముందు కూర్చుంటే, అన్నం కలపడానికి కుడిచెయ్యి సహకరించేది కాదు.

తర్వాత మా యజమాని గాలితో పనిచేసే మేకుల గన్ తెచ్చాడు. మోచేతి నొప్పి తగ్గింది గానీ అలసట తగ్గలేదు. పని తేలికైందని ఇంకా ఎక్కువ పెట్టెలు అడగడం మొదలైంది. గన్‌కి గాలి నింపే కంప్రెసర్ రొద ఇంటికొచ్చినా చెవుల్లోనే ఉండేది. మా ఆవిడ ఏ మాటైనా రెండోసారి చెప్పాల్సి వచ్చేది.

షెడ్డులో నాతో జతగా పనిచేసే ఆయనది విజయనగరం వైపు రైతు కుటుంబం, కాపురం పెందుర్తిలో. మాది చర్చికి వెళ్లే ఇల్లు. మా మధ్య చుట్టరికం ఏమీ లేదు. అయినా నాకు ఆయన బావ, ఆయనకు నేను బావ.

గన్ తెచ్చిన రోజు మెకానిక్ వచ్చి మా ఇద్దరికీ దాన్ని వాడడం నేర్పాడు. మేకుల పట్టీని గాలి పైపు తగిలించకముందే ఎక్కించాలి. కంప్రెసర్ మీది గేజు ముల్లు గన్ మీద రాసిన అంకె దాటకూడదు. కళ్లద్దాలు, చెవులకు మూతలు పెట్టుకోకుండా దాన్ని ముట్టకూడదు. మేకు ఇరుక్కుంటే ముందు పైపు ఊడదీసి, ఆ తర్వాతే చెయ్యి పెట్టాలి. చేత్తో పట్టుకుని నడిచేటప్పుడు ట్రిగ్గర్ మీద వేలు ఉండకూడదు. అన్నిటికంటే ముఖ్యమైనది గన్ ముక్కు. అది చెక్కకు ఆని లోపలికి నొక్కుకుంటేనే మేకు బయటికి వస్తుంది. ఊరికే గాల్లో ట్రిగ్గర్ నొక్కితే పేలదు.

ఆ ముక్కుతోనే బావ విసిగిపోయాడు. ప్రతి మేకుకీ గట్టిగా ఆనించి నొక్కీ నొక్కీ ఆయన మణికట్టు వాచింది. ఒక మధ్యాహ్నం, భోజనాలయ్యాక చూస్తే, గన్ ముక్కును వెనక్కి లాగి సన్నటి ఇనప తీగతో కట్టేసి ఉంది. అలా కడితే చెక్కకు ఆనకపోయినా ట్రిగ్గర్ నొక్కగానే మేకు వచ్చేస్తుంది.

“ఏటి బావ ఇది?” అన్నాను.

“సెయ్యి లాగేత్తంది బావ. ఒక్కో మేకుకీ నొక్కాలంటే నా వల్ల అవట్నేదు. ఈ పెట్టి అవనీ, తీసేత్తాను.”

“ఇప్పుడే తీసీ.”

“ఇంకో పలక. అంతే.”

ఆయన స్టూలు మీద నిలబడి పై పలక కొడుతున్నాడు. ఆ తీగ నేనే తెంపుదామని పట్టకారు కోసం బల్ల దగ్గరికి వెళ్లాను. ఈలోగా ఆయన దిగబోయాడు. కాలు నేల మీది రంపపు పొట్టు మీద జారింది. పడకుండా ఆపుకోవడానికి గన్‌ని గట్టిగా పట్టుకున్నాడు. వేలు ట్రిగ్గర్ మీదే ఉంది.

ఒకే ఒక్క చప్పుడు. రోజంతా వినే చప్పుడే కాబట్టి నేను వెంటనే తిరగలేదు. “బావా” అన్న పిలుపుకి తిరిగాను. ఆయన నేల మీద కూర్చుని తొడ వైపు చూసుకుంటున్నాడు. ప్యాంటు గుడ్డ మీద మేకు తల ఒక్కటే కనబడుతోంది. గన్ ఇంకా చేతిలోనే ఉంది.

ముందు గాలి పైపు ఊడబెరికాను. తర్వాత గన్ తీసి అవతల పెట్టాను. ఆయన మేకు పట్టుకుని లాగబోతుంటే చెయ్యి పట్టేశాను.

“తియ్యకు బావ. అలాగే ఉండనీ. డాక్టరు తీత్తాడు.”

“మండిపోతంది బావ...”

ఇద్దరం కలిసి ఆటో ఎక్కించాం, నేనూ యజమానీ. ఆస్పత్రిలో కౌంటర్ దగ్గర ఏమైందని అడిగితే, గన్ పేలిందన్నాను. ఆ అమ్మాయి రాయడం ఆపేసి, పోలీసులకు చెప్పారా అంది. మేకుల గన్ అని అర్థమయ్యేలా చెప్పేసరికి నాలో ఉన్న కాస్త ఓపికా అయిపోయింది. పెందుర్తి నుంచి బావ భార్య వచ్చి, ఆమె కూడా అలాగే అనుకుంది. “గన్నేటన్నయ్యా? ఎవులు కాల్సీసేరు?”

“ఎవులూ కాదమ్మా. పనిలోనే” అని, ఆమెను బెంచీ మీద కూర్చోబెట్టాను. ఆమె తన దేవుళ్లను తలుచుకుంది, నేను నా దేవుణ్ని తలుచుకున్నాను. మేకు ఎముకను తప్పించుకుని కండలోనే ఆగిందని డాక్టరు బయటికొచ్చి చెప్పాక, నేనూ ఆమె పక్కనే బెంచీ మీద కూర్చుండిపోయాను. ఏడవడానికి కూడా శక్తి లేనట్టు ఉంది.

ఆయన కోలుకునేదాకా నేనొక్కణ్ణే కొట్టాను. గన్ చేతిలోకి తీసుకున్న ప్రతిసారీ ముక్కు ఆడుతోందో లేదో వేలితో తట్టి చూసుకునేవాణ్ణి. చూశాక కూడా నమ్మకం కుదిరేది కాదు.

బావ తిరిగొచ్చాడు కానీ గన్ పట్టనన్నాడు. కంప్రెసర్ పని తను చూసుకుంటానన్నాడు. పొద్దున్నే ట్యాంకు అడుగున చేరిన నీళ్లు వదిలేవాడు, గన్‌లో రెండు చుక్కలు నూనె వేసేవాడు, పైపు పొడవునా చెయ్యి రాస్తూ చీలికలు వెతికేవాడు. కళ్లద్దాలు నాకు తనే తెచ్చి ఇచ్చేవాడు.

మొన్న ఎండాకాలంలో ఒక రోజు ఉక్కపోత భరించలేనంతగా ఉంది. పెద్ద పెట్టె మీద పనిచేస్తూ నేను పలకలో కొమ్మ మొలిచినచోటి గట్టి ముడి మీద కొట్టాను. మేకు వంగి పక్కకి పొడుచుకొచ్చింది. నా ఎడమచెయ్యి ఆ దాపులోనే ఉంది. గన్‌ని ఇంకొంచెం పక్కకి జరిపి కొట్టబోతే అది పేలలేదు. చూస్తే, బావ పైపు ఊడదీసి చేత్తో పట్టుకుని నిలబడ్డాడు.

“సాలు బావ” అన్నాడు.

“ఇంకా పైమూత ఉంది కదా.”

“మేకు నీ సేతి పక్కనే వొచ్చింది. ఎంత అలిసిపోనావో నీకు తెలట్నేదు. కూకో.”

యజమాని వచ్చి పని ఎందుకాగిందని అడిగాడు. “రేపు పొద్దున్న కొడతాం సార్. ఇయ్యాల ఇంక ఒంట్లో ఓపిక నేదు” అన్నాడు బావ. అది నా మాటే. నేను అనలేకపోయాను, ఆయన అన్నాడు. యజమాని వంగిన మేకు వైపు చూసి, సరే అని వెళ్లిపోయాడు.

పలకల దొంతర మీద కూలబడ్డాను. బావ కంప్రెసర్ ఆపి, ట్యాంకులో మిగిలిన గాలి వదిలాడు. అది బుస్సున చాలాసేపు పోయింది. తర్వాత, మేకు దిగిన కాలు ఇంకా వంచలేక, కాస్త దూరంగా గోడకి ఆనుకుని నిలబడ్డాడు. పైమూత మర్నాడు పొద్దున్న కొట్టాను.